డ్రైవర్ల పట్టికలో ఇంజిన్ గడి ఏదండీ?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈ 2026 ఫార్ములా వన్ సీజన్‌కి ఏ డ్రైవర్ ఎక్కణ్ణుంచి ఎక్కడికి మారాడో బాణం గుర్తులతో మీ క్రీడా పేజీలో పట్టిక వేశారు. పదకొండు టీమ్‌లు, ఇరవై ఇద్దరు డ్రైవర్లు, రంగుల ఫొటోలు. బాగుంది. కానీ రెండుసార్లు వెతికినా అందులో ఇంజిన్ అన్న మాట ఒక్కచోట కూడా కనబడలేదు. శుభలేఖ అచ్చేసి ముహూర్తం వెయ్యడం మరిచినట్టుంది. అందుకే ఈ ఉత్తరం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్లుగా డీజిల్ పంపులూ నాజిళ్లూ బాగు చేసుకుంటున్నవాణ్ణి. చదువు పదో తరగతి. రేసుల పిచ్చి 2005లో పట్టింది. ఆ ఏడాది నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ అనే టీమ్ కారు ఎక్కాడు. కోయంబత్తూరు కుర్రాడు, పక్క రాష్ట్రమే కదా అని చూడ్డం మొదలెట్టాను. ఇండియానాపొలిస్‌లో టైర్ల గొడవ వచ్చి ఆరు కార్లే పరిగెత్తిన రేసులో నాలుగో స్థానం తెచ్చుకున్నాడు. ఆరింట్లో నాలుగోవాడేమిటని మా వీధిలో నవ్వారు. ఆ కార్లో ఎవరి ఇంజిన్ ఉందని మాత్రం ఎవరూ అడగలేదు. టొయోటాది. అది నేను పనిగట్టుకుని కనుక్కున్నాను. ఆ రోగం అప్పటినుంచీ అలాగే ఉంది.

డ్రైవర్ల మార్పు సంగతికి ముందు ఒక లారీ సంగతి చెప్పాలి. నిరుడు శ్రావణంలో ఒక ఓనరు పది చక్రాల బండి తెచ్చాడు. పాత బండి, కంప్యూటరు లేని పంపు బండి. నాలుగు నెలల్లో ముగ్గురు డ్రైవర్లని మార్చానన్నాడు. లీటరుకి నాలుగు రావాల్సింది మూడున్నర కూడా దాటట్లేదట, డీజిల్ దారిలో అమ్ముకుంటున్నారని ఆయన అనుమానం. ఆరు నాజిళ్లూ విప్పి ఒక్కొక్కటీ టెస్టరుకి బిగించాను. లీవరు కొడితే గేజీ ముల్లు రెండొందల చిల్లరకి పోయి, నాజిల్ పొగమంచులా చిమ్మాలి, చిమ్మి టక్కున ఆగాలి. ఐదు అలాగే ఆగాయి. నాలుగో సిలిండరుది మాత్రం చిమ్మాక మూతి దగ్గర చుక్క వేలాడదీసింది. గుడ్డతో తుడిచి మళ్లీ కొట్టాను. మళ్లీ చుక్క. పంపు టైమింగు కూడా కొంచెం జారి ఉంది. నల్లపొగా, పడిపోయిన మైలేజీ, దొంగతనం నిందా అన్నీ అక్కడే ఉన్నాయి. మూడో డ్రైవరు షెడ్డు బయట స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. ఓనరు టెస్టరు వంక చూశాడు గానీ అతని వంక చూళ్లేదు.

ఫార్ములా వన్‌లో ఇదే పని కోట్లలో జరుగుతుంది. పైగా అక్కడ ఒక్కోసారి డ్రైవర్నే ఇంజిన్‌కి చెల్లు వేస్తారు. మాట వరసకి అంటున్నది కాదు, 2017 సెప్టెంబరులో సింగపూర్ రేసు వారంలో నిజంగా జరిగింది. అప్పటికి మెక్‌లారెన్ టీమ్ మూడేళ్లుగా హోండా ఇంజిన్‌తో అవస్థ పడుతోంది. ఫెర్నాండో అలోన్సో అంతటివాడు 2015లో జపాన్‌లోని సుజుకాలో, అదీ హోండా సొంత గడ్డ మీద, 'జీపీ2 ఇంజిన్' (అంటే కింది తరగతి రేసుల ఇంజిన్) అని రేడియోలో అరిచాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడని చాలామంది ఎద్దేవా చేశారు. నన్నడిగితే ఆ రోజు మద్దెలకి నిజంగానే చిల్లు ఉంది. చివరికి మెక్‌లారెన్ హోండాని వదిలించుకుని 2018కి రెనాల్ట్ ఇంజిన్ అడిగింది. రెనాల్ట్ దగ్గర అప్పటికే తన టీమ్ కాక రెడ్ బుల్, దాని చిన్న టీమ్ టోరో రోసో ఉన్నాయి. నాలుగో వాకిట్లో కూడా ముగ్గెయ్యడం దాని వల్ల కాదు. కాబట్టి టోరో రోసో రెనాల్ట్‌ని వదిలి, మెక్‌లారెన్ పారేసిన హోండాని తీసుకోవాలి. ఒప్పందం మధ్యలో తెంచుకుంటే రెనాల్ట్‌కి ఏం ముడుతుంది? కార్లోస్ సెయిన్స్ ముట్టాడు. రెడ్ బుల్ కాంట్రాక్టులో ఉన్న కుర్రాణ్ణి రెనాల్ట్‌కి అరువిచ్చారు. మరుసటి ఏడాదికనుకున్నది కాస్తా ముందుకి జరిగింది. అక్టోబరులో అమెరికా రేసుకే జోలియన్ పామర్‌ని దింపేసి ఆ సీట్లో సెయిన్స్‌ని కూర్చోబెట్టారు. తొలి రేసులోనే ఏడో స్థానం తెచ్చాడు. ఇటు టోరో రోసోలో ఖాళీ అయిన సీటు బ్రెండన్ హార్ట్‌లీకి పోయింది.

ఒక ఇంజిన్ చేతులు మారితే ఇంతమంది బతుకులు అటూ ఇటూ అయ్యాయి. మరునాడు వార్త ఏమని వచ్చి ఉంటుంది? 'పామర్ ఔట్, సెయిన్స్ ఇన్' అని. పామర్ ఆ ఏడాది బాగా ఆడలేదన్నది నిజమే, కాదనను. కానీ ఆ మార్పు అంత తొందరగా జరగడానికి అసలు కారణం ఇంజిన్ బేరం.

మెక్‌లారెన్ పారేసిన ఆ హోండా ఇంజినే 2019లో ఆస్ట్రియాలో రెడ్ బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్‌ని గెలిపించింది. 2020లో ఇటలీలోని మోంజాలో రెడ్ బుల్ చిన్న టీమ్ డ్రైవర్ గాస్లీని గెలిపించింది. 2021లో వెర్‌స్టాపెన్‌కి ఛాంపియన్‌షిప్పే తెచ్చిపెట్టింది. మా షెడ్డు ముందు తుక్కు కింద అమ్మేసిన పంపుని పక్క షెడ్డువాడు కొనుక్కుపోయి కొత్త ప్లంజర్లేసి నడిపించినట్టు.

ఇక డబ్బు లెక్క. 2013 దాకా 2.4 లీటర్ల వి8 ఇంజిన్లు. 2014లో 1.6 లీటర్ల వి6 టర్బో వచ్చింది. దానికి రెండు విద్యుత్ మోటార్లు తగిలించారు, ఒకటి బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని పట్టేది, రెండోది టర్బో తిరుగుడులోంచి కరెంటు తీసేది. మెకానిక్కుగా చెబుతున్నాను, అలాంటి యంత్రం నా జన్మలో చూడలేదు. ఇంధనంలోని శక్తిలో సగానికి పైగా పనికి మార్చామని 2017లో మెర్సిడెస్ చెప్పుకుంది. మన రోడ్ల మీది మామూలు పెట్రోలు కార్ల ఇంజిన్లు దాని దరిదాపుల్లో లేవు. కానీ కొనుక్కునే చిన్న టీమ్‌లకి ఏడాది ఇంజిన్ బిల్లు దాదాపు రెట్టింపయింది, 2 కోట్ల యూరోల దరిదాపుల్లోకి వెళ్లింది. చవగ్గా ఇంజిన్లిచ్చే కాస్‌వర్త్ ఈ కొత్త లెక్కకి తట్టుకోలేక తప్పుకుంది. ఆ ఏడాది అక్టోబరుకల్లా కేటర్‌హామ్, మరుస్యా అనే చిన్న టీమ్‌లు రెండూ దివాలా మెట్లెక్కాయి. ఇంజిన్ ఒక్కటే కారణమనను, ఓనర్ల వ్యవహారాలూ అలాగే ఉన్నాయి. కానీ మునిగే పడవలో ఎక్కిన ఆఖరి బస్తా అదే.

ఇక్కడ పాఠకులకి తెలియని సంగతొకటి చెప్పాలి. కొనుక్కునే టీమ్‌లని అన్నాను గానీ, నిజానికి వాళ్లు కొనరు. అది కిరాయి. ఇంజిన్‌తో పాటు తయారీదారు మనుషులే వచ్చి గ్యారేజీలో కూర్చుంటారు. ఇంజిన్ మీద ఈ రేసులకి నియమాలు పెట్టే అంతర్జాతీయ సమాఖ్య సీలు ఉంటుంది, డబ్బు కట్టే టీమ్ దాన్ని విప్పడానికి లేదు. ఈ బాధ నాకు కొత్త కాదు. ఆ మధ్య కొత్త బీఎస్-6 బండి ఒకటి, పొగని శుద్ధి చేసే యూరియా లైటు వెలిగి, పవర్ తగ్గిపోయి నా షెడ్డు ముందు ఆగిపోయింది. ఏ సెన్సరు పోయిందో చేతికి తెలుస్తోంది. మార్చింది కూడా నేనే. కానీ ఆ లైటు ఆరాలంటే కంపెనీ స్కానరుతో పాస్‌వర్డు కొట్టాలి. కంపెనీ పేరు వద్దులెండి. వాళ్ల మనిషి మూడో రోజు వచ్చాడు, పావుగంటలో లైటు ఆర్పాడు, బిల్లిచ్చాడు. ఆ మూడు రోజులూ బండిలో ఉల్లిపాయలు. ఓనరు నన్ను తిట్టలేదు, డ్రైవర్ని తిట్టాడు.

ఈ కిరాయిలకి పగ్గం వెయ్యాలని 2015లో సమాఖ్య ప్రయత్నించింది. ఇంజిన్ ధర ఏడాదికి 1.2 కోట్ల యూరోలు దాటకూడదని ప్రతిపాదన. మన రూపాయల్లో అప్పటి లెక్కకి 85 కోట్ల పైమాటే, అదీ తగ్గించిన ధర! ఫెరారీ తనకొక్కదానికే ఉన్న పాత వీటో హక్కు తీసి అడ్డం పెట్టింది. ఆ పేటలో ఇంజిన్లు అమ్మే దుకాణదారుడికే ధరల కమిటీలో కాదనే హక్కన్నమాట. మరుసటి ఏడాది రాజీ కుదిరి 2017కి 10 లక్షల యూరోలు, 2018కి ఇంకో 30 లక్షలు తగ్గించారు. ఇంజిన్ దొరకని టీమ్ ఉంటే ఎవరో ఒకరు ఇచ్చి తీరాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. అది రావడానికి కారణం చిన్న టీమ్‌ల కష్టం కాదండోయ్. 2015లో రెనాల్ట్‌తో తగువు పడ్డ రెడ్ బుల్‌కి మెర్సిడెస్, ఫెరారీ రెండూ మొండిచెయ్యి చూపించాయి. నాలుగుసార్లు వరసగా ఛాంపియన్ అయిన టీమ్‌కే ఇంజిన్ దొరకని పరిస్థితి వచ్చింది. చివరికి అదే రెనాల్ట్ ఇంజిన్ మీద ట్యాగ్ హోయర్ అనే గడియారాల కంపెనీ పేరు రాసుకుని తిప్పారు.

బిల్లు పెరిగితే సీటు అమ్ముకోవడం మొదలవుతుంది. అందులో సాబర్ టీమ్ కథ అన్నిటికన్నా ఘోరం. 2014లో ఫెరారీ ఇంజిన్‌తో ఆ టీమ్‌కి ఒక్క పాయింటూ రాలేదు. డబ్బు కటకట. 2015కి రెండు సీట్లుంటే మార్కస్ ఎరిక్సన్, ఫెలిపె నాసర్, గీడో వాన్ డెర్ గార్డె, ముగ్గురి చేతుల్లోనూ కాంట్రాక్టులు! నాసర్ వెనక బ్రెజిల్ బ్యాంకు, ఎరిక్సన్ వెనక స్వీడన్ డబ్బు. వాన్ డెర్ గార్డె ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ కోర్టుకెక్కి గెలిచాడు, అప్పీలులోనూ గెలిచాడు. రేసు వారం శుక్రవారం పొద్దున ప్రాక్టీసులో సాబర్ కార్లు గ్యారేజీ దాటలేదు. ఏ డ్రైవర్ని ఎక్కిస్తే ఏ కేసు మీద పడుతుందోనని. మర్నాడు వాన్ డెర్ గార్డె ఆ రేసు వరకూ పట్టు సడలించాడు, తర్వాత పరిహారం పుచ్చుకుని తప్పుకున్నాడు. సుమారు ఒకటిన్నర కోటి యూరోలని అప్పట్లో వార్తలు వచ్చాయి. దాదాపు ఇంకో ఏడాది ఇంజిన్ బిల్లు. ఒకే ఫ్లాటుని ముగ్గురికి రిజిస్ట్రేషన్ చేసిన బిల్డరు కథలు మనకి తెలియనివా?

మనోర్ టీమ్ కథ ఇంకొంచెం మెత్తగా ఉంటుంది. 2016లో మెర్సిడెస్ ఇంజిన్ తీసుకుంది, దాంతో పాటే మెర్సిడెస్ తయారుచేస్తున్న కుర్రాడు పాస్కల్ వెర్లైన్ వచ్చి కూర్చున్నాడు. రెండో సీట్లో ఇండోనేసియా నుంచి రియో హర్యాంతో. అతని స్పాన్సర్ల కిస్తీలు మధ్యలో ఆగిపోయాయి. ఆగస్టులో బెల్జియం రేసుకల్లా అతన్ని దింపి ఎస్తెబాన్ ఒకాన్‌ని ఎక్కించారు. అతనూ మెర్సిడెస్ కుర్రాడే. తన దేశం నుంచి తొలిసారి ఆ ట్రాక్ మీదకి వచ్చినవాడు, కిస్తీ కట్టలేక దిగిపోయాడు. ఫైనాన్సువాళ్లు టోల్‌గేటు దగ్గర బండి ఆపి తాళాలు తీసుకున్నప్పుడు మొహాలు ఎలా ఉంటాయో నేను చూశాను కాబట్టి ఆ వార్త నాకు గుర్తుండిపోయింది.

మన కార్తికేయన్‌కీ తప్పలేదు. 2011లో హెచ్‌ఆర్‌టీ అనే చిన్న టీమ్ కారు, కాస్‌వర్త్ ఇంజిన్, ఆఖరి వరస. బ్రిటన్ రేసు నుంచి అతని సీట్లోకి రెడ్ బుల్ వాళ్ల డేనియల్ రికియార్డోని దింపారు. అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో మనదేశపు తొలి రేసుకి మాత్రం మళ్లీ కూర్చోబెట్టారు, టికెట్లు అమ్ముడుపోవాలి కదా. పదిహేడో స్థానంలో ముగించాడు, ఆ రికియార్డోకన్నా ముందు. ఆ రోజు మా షెడ్డుల్లో పకోడీలు పంచాను. పదమూడేళ్లు తిరిగేసరికి, 2024లో, రికియార్డోనీ అలాగే సీజన్ మధ్యలో దింపారు, లియామ్ లాసన్ కోసం. ఆ లాసన్‌ని 2025లో రెడ్ బుల్ పెద్ద టీమ్‌లోకి తెచ్చి రెండంటే రెండే రేసుల తర్వాత వెనక్కి పంపి యుకి సునోడాని తెచ్చారు. సునోడా హోండా శిక్షణలో పెరిగినవాడు. హోండా రెడ్ బుల్‌తో తెగతెంపులు చేసుకుని ఆస్టన్ మార్టిన్ వైపు వెళ్లే ఏడాదికే అతని సీటూ పోయింది. దానివల్లే ఇది జరిగిందని నేననను, అతని పాయింట్లూ తక్కువే. కానీ మీ పట్టికలో రెండూ పక్కపక్కన ఉంటే పాఠకుడు తనే ఆలోచించుకునేవాడు.

ఫోర్స్ ఇండియా టీమ్ గురించి రాయాలంటే మనసొప్పదు, మన జెండా రంగుల కారు. 2018 జులైలో దివాలా ప్రక్రియకి పోయింది. కోర్టు తలుపు తట్టింది ఎవరో కాదు, జీతం బాకీ పడ్డ సొంత డ్రైవర్ సెర్గియో పెరెజ్. అతని వెనక ఇంజిన్ సరఫరాదారు మెర్సిడెస్, స్పాన్సరు ఉన్నారు. టీమ్‌ని ముంచడానికి కాదు, నాలుగు వందల మంది ఉద్యోగాలు నిలబెట్టడానికని అతనన్నాడు. అలాగే నిలబడ్డాయి. కెనడా కోటీశ్వరుడు లారెన్స్ స్ట్రోల్ కొన్నాడు, మరుసటి ఏడాది ఆయన కొడుకు సీటెక్కాడు, ఒకాన్ ఖాళీగా కూర్చున్నాడు. రెండేళ్ల తర్వాత పెరెజ్‌కీ ఉద్వాసన చెప్పారు, చెప్పాక అతను అదే టీమ్‌కి బహ్రెయిన్‌లో రేసు గెలిచిచ్చాడు.

మీ పాఠకుల్లో తెలిసినవాళ్లు ఒకటి అడగొచ్చు. కిరాయి ఇంజిన్‌తోనే కదా మెక్‌లారెన్ 2024లోనూ 2025లోనూ టీమ్ ఛాంపియన్ అయింది, ఇంజిన్ ఇచ్చిన మెర్సిడెస్‌నే వెనక్కి నెట్టి? ఒప్పుకుంటాను. ఇలాంటిది కళ్లారా కూడా చూశాను. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసుకి మా హెల్పర్ కుర్రాణ్ణి తీసుకుని వెళ్లాను. శబ్దం లేని రేసు నాకేం నచ్చుతుందనుకున్నాను. మలుపులో జాగ్వార్ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగిపోయాయి. అదే జాగ్వార్ మోటారు కిరాయికి తీసుకున్న ఎన్విజన్ కారులో నిక్ కాసిడీ రెండో స్థానంలో వచ్చాడు. కుర్రాడు విజిళ్లు వేశాడు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు గానీ, ఒక్కోసారి వడ్డించేవాడి విస్తరే బోర్లాపడుతుంది.

అయితే మెక్‌లారెన్‌ని సరిగ్గా చూడండి. మెర్సిడెస్‌తో 2030 దాకా ఇంజిన్ ఒప్పందం 2023లోనే చేసేసుకుంది. 2023లో జోడీ కట్టిన నోరిస్, పియాస్ట్రీ ఇప్పటికీ ఆ సీట్లలోనే ఉన్నారు. ఇంజిన్ కుదురుగా ఉన్న ఇంట్లో డ్రైవర్లకీ నిద్రపడుతుంది. పక్కనే రెనాల్ట్ సొంత టీమ్ ఆల్పీన్‌ని చూడండి. 1977లో పసుపు రంగు టర్బో కారుతో వచ్చిన రెనాల్ట్, ఖర్చు భరించలేక 2025తో ఇంజిన్ తయారీకే నీళ్లొదిలేసింది. ఇక మెర్సిడెస్ కిరాయి ఇంజినే. ఫ్రాన్స్‌లో విరీ షటియాన్ కార్ఖానాలో రెనాల్ట్ ఇంజిన్లు చేసే పనివాళ్లు మోంజా రేసుకెళ్లి స్టాండ్‌లో కూర్చుని నిరసన చెప్పారు. వాళ్ల గురించి మన పేపర్లలో రెండు లైన్లు చూసిన గుర్తు లేదు. ఆ టీమ్ 2025లో జాక్ డూహన్‌ని ఆరు రేసులకే దింపేసి అర్జెంటీనా కుర్రాడు కొలపింతోని ఎక్కించింది. అతని వెనక ఆ దేశపు స్పాన్సర్లున్నారు. ఏడాది చివర ఆల్పీన్ స్థానం ఆఖరిది. ముగ్గుర్ని మార్చిన లారీ ఓనరు గుర్తొచ్చాడు.

ఈ ఏడాది ఇంజిన్లే మారాయి. టర్బోలోంచి కరెంటు తీసే మోటారు తీసేశారు, బ్రేకు వైపు మోటారుని 120 కిలోవాట్ల నుంచి 350కి పెంచారు. ఆడి కొత్తగా వచ్చింది, ఫోర్డ్ రెడ్ బుల్‌తో చేరింది, కాడిలాక్ ఫెరారీ ఇంజిన్ కిరాయికి తీసుకుని పెరెజ్‌నీ బొట్టాస్‌నీ పెట్టుకుంది. తయారీదారుల ఖర్చుకి ఏడాదికి 13 కోట్ల డాలర్ల గీత గీశారు. సీజన్ మధ్యలో ఎవరి సీటు కదులుతుందో చెప్పాలంటే డ్రైవర్ మొహం కన్నా ముందు ఇవి చూడాలి.

కాబట్టి నా మనవి చిన్నదే. ఈసారి పట్టిక వేసేటప్పుడు 'ఇంజిన్: సొంతం / కిరాయి' అని ఒక గడి చేర్చండి. జాగా చాలకపోతే డ్రైవర్ల ఫొటోలు కాస్త తగ్గించండి. అందరూ హెల్మెట్లలోనే ఉంటారు, పెద్దగా తేడా తెలీదు. ప్రస్తుతానికి మా కుర్రాడు మీ పేజీ కత్తిరించి, బాల్‌పెన్నుతో పక్కన పదకొండు ఇంజిన్ల పేర్లు రాసి, నాజిల్ టెస్టరు పైన గోడకి అంటించాడు. ఆస్టన్ మార్టిన్ వరస మీద నా డీజిల్ వేలు పడి హోండా అన్న మాట అలుక్కుపోయింది. మళ్లీ రాయమని చెప్పాను.

ఇట్లు,
ఒక డీజిల్ పంపు మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ.